ఏటి అవతలి పాట

చిరంజీవులారా!

ఈ నెల మీరు రాసిన ఉత్తరాలన్నీ చదివాను. లెక్కలు అడిగినవారు కొందరు, నక్షత్రాలను గురించి అడిగినవారు కొందరు. వారికి వచ్చే నెల జవాబు చెబుతాను. ఈసారి మాత్రం ఒకే ఒక ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. అది కోనసీమ నుంచి వచ్చింది. రాసినవారు అన్నాచెల్లెళ్ళు. పేర్లు వేయవద్దన్నారు కనుక వేయటం లేదు. ఉత్తరం ఇదిగో:

"తాతయ్యగారండీ! మాది అమలాపురానికి దగ్గర పల్లెటూరు. నేను ఎనిమిదో తరగతి, చెల్లి ఐదో తరగతి. మాకు ఎంతో ఇష్టమైన గాయకుడు సంక్రాంతి సెలవుల్లో ఊరూరా కచేరీలు చేస్తున్నాడండీ. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, భీమవరం, విజయవాడ అని పేపర్లో వేశారు. మేము మ్యాపు మీద పెన్సిలుతో గీత గీసి చూశాం. ఆ గీత మా చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది గాని మా దగ్గరకు రాలేదండీ. చెల్లి డబ్బులు దాచుకున్న ముంత పగలగొట్టింది. అందులో 612 రూపాయలు ఉన్నాయి. నాన్నగారేమో, 'కచేరీ అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది, ఆ వేళప్పుడు ఇంటికి ఎలా వస్తాం?' అన్నారు. అమ్మేమో, 'పాటేగా, ఫోనులో వినండి' అంది. చెల్లి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఒక్క మాట అడుగుతాం తాతయ్యగారండీ. మాది ఊరు కాదా అండీ?"

ఇదీ ఉత్తరం. చివరి ప్రశ్న చదివి నేను చాలాసేపు ఊరుకున్నాను. ఎందుకంటే, సరిగ్గా ఇదే ప్రశ్న నా చిన్నతనంలో నేనూ అడిగాను.

అప్పుడు మేము ముక్తేశ్వరం దగ్గర ఉండేవాళ్ళం. ముక్తేశ్వరం రేవులో నిలబడితే గౌతమికి అవతలి ఒడ్డున కోటిపల్లి కనిపిస్తుంది. ఒక సంక్రాంతికి ఒక నాటక సమాజం కోటిపల్లి వైపు డేరా వేసింది. ఆ తరవాత మా వైపు వస్తారని కరపత్రాలు పంచారు. హరిశ్చంద్ర నాటకం! కాటి సీనులో పద్యాలు పాడే ఆయన గొంతు గురించి పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. మేము పది రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం. తీరా చూస్తే, ఆ సమాజం వారు ఏరు దాటకుండానే అటునుంచి అటే కాకినాడ వెళ్ళిపోతున్నారని తెలిసింది. తెరలు, పెట్టెలు, డేరా గుంజలు పడవ మీద చేరవేయాలంటే నాలుగైదుసార్లు తిరగాలి. ఆ రోజుల్లో ఏటి మధ్య ఇసక మేటలు పడి పడవ చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. వారికి అంత తీరిక లేదు. మేము వెళదామంటే రాత్రిపూట పడవ వేయరు.

"మనది ఊరు కాదా, నాయనమ్మా?" అని ఏడ్చాను.

నాయనమ్మ నన్ను కోప్పడలేదు. "నాటకమేగా" అని అనలేదు. రగ్గు కప్పి, చెయ్యి పట్టుకుని, రాత్రి భోజనాలయ్యాక రేవుకు తీసుకువెళ్ళింది. "మాట్లాడకుండా కూర్చో" అన్నది. చలి. మంచు. అవతల పెట్రోమాక్సు దీపాలు మిణుగురుల్లా ఉన్నవి. కాసేపటికి, నమ్ముతారో నమ్మరో, ఏటి మీద నుంచి హార్మోనియం వినిపించింది! తరవాత రాగం. మాటలు తెలియలేదు. ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గి, మధ్య మధ్య తెగిపోతూ వచ్చింది. అయినా అది ఆయన గొంతే. పగలు అదే రేవులో నిలబడి కేక వేస్తే అవతలివారికి వినపడేది కాదు. రాత్రి మాత్రం పాట ఏరు దాటి వచ్చింది.

ఇది నాయనమ్మ మహిమ అనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, ఇది గాలి మహిమ అని.

అదెలాగో చెబుతాను. ధ్వని వెచ్చని గాలిలో కాస్త వేగంగానూ, చల్లని గాలిలో కాస్త నెమ్మదిగానూ పోతుంది. 20 డిగ్రీల వేడి గల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక్కొక్క డిగ్రీ తగ్గినకొద్దీ ఆ వేగం సుమారు 0.6 మీటరు తగ్గుతుంది. పగలు నేల కాగి ఉంటుంది. అందుచేత కింది గాలి వెచ్చగా, పై గాలి చల్లగా ఉంటుంది. రాత్రి, గాలి కదలకుండా ఉన్నప్పుడు, దీనికి తలకిందులవుతుంది. నేలా, ఇసక మేటలూ త్వరగా చల్లారతాయి. వాటిని అంటుకున్న గాలి చల్లబడుతుంది. పైన ఉన్న గాలి దానికంటె వెచ్చగా ఉంటుంది.

ఇప్పుడు ఒక ఆట ఊహించుకోండి. పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. వరసలో ఒక కొస గట్టి రోడ్డు మీద, రెండో కొస చేలో బురదలో ఉన్నది. ఏమవుతుంది? రోడ్డు మీదివాళ్ళు చకచకా నడుస్తారు, బురదలోవాళ్ళు వెనకబడతారు. వరస మొత్తం బురద వైపుకు తిరిగిపోతుంది. ధ్వని సంగతీ అంతే. పగలు అది చల్లని పై గాలి వైపుకు వంగి ఆకాశంలోకి పోతుంది. రాత్రి చల్లని కింది గాలి వైపుకు వంగి ఏటి మీదుగా మన చెవికి చేరుతుంది. నీటి మీద దానికి అడ్డం చెట్టూ లేదు, గోడా లేదు. పైగా రాత్రి చుట్టూ సద్దు ఉండదు. అందుకనే ఆ రాత్రి హరిశ్చంద్రుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

అయితే ఇది మీ ఉత్తరానికి జవాబు కాదని నాకు తెలుసు. రాజమండ్రిలో పాడితే అమలాపురంలో వినపడదు. మధ్య సుమారు 65 కిలోమీటర్లు! ఏ గాలీ అంత దూరం పాటను మోసుకు రాలేదు. కనుక అసలు ప్రశ్నకు వద్దాం. కచేరీలవాళ్ళు మిమ్మల్ని ఎందుకు వదిలేస్తారు?

మొదటి కారణం మీ మ్యాపులోనే ఉన్నది. కోనసీమకు ఒక వైపు గౌతమి, ఒక వైపు వసిష్ఠ, దక్షిణాన సముద్రం. మధ్యలో వైనతేయ పారి అమలాపురం వైపునూ రాజోలు వైపునూ విడదీస్తుంది. ఏ వైపు నుంచి రావాలన్నా ఏరు దాటవలసిందే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి, 1940లో ఆ పట్టాలు పీకి యుద్ధ అవసరాలకు పట్టుకుపోయారు. మళ్ళీ పట్టాలు పరచి రైలు నడిపింది 2004లో! అంటే, ఒక తరం పిల్లలు తాతలయ్యేదాకా అక్కడ రైలుకూత లేదు. ఆ లైను గౌతమిని దాటి, అమలాపురం మీదుగా నరసాపురం వెళ్ళాలి. ఆ పని ఇది రాసేనాటికింకా పూర్తి కాలేదు.

రోడ్డు వంతెనలు వచ్చాయి. రావులపాలెం దగ్గర, దిండి-చించినాడల మధ్య, యానాం-ఎదుర్లంకల మధ్య ఇప్పుడు ఏటి మీదుగా బస్సులు పోతున్నవి. ఎదుర్లంక వంతెనకు లోక్‌సభ స్పీకరుగా ఉండి 2002లో ప్రమాదంలో మరణించిన మీ ప్రాంతపు జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. కనుక దారి లేక రాలేదని ఇప్పుడు అనటానికి లేదు.

రెండో కారణం లెక్క. కచేరీ అంటే గాయకుడు ఒక్కడే రావటం కాదు. లారీలలో స్పీకర్లు, దీపాలు, వేదిక సామాను, జనరేటరు, వాటితో మనుషులు రావాలి. ఒక ఊళ్ళో అన్నీ బిగించటానికి ఒక రోజు, పాడటానికి ఒక రోజు అనుకుందాం. సెలవులు పది రోజులైతే ఎన్ని ఊళ్ళు? ఐదే. ఆరో ఊరు చేర్చాలంటే ఐదింటిలో ఒకటి తీసెయ్యాలి. అప్పుడు అక్కడి పిల్లలు నాకు ఉత్తరం రాస్తారు!

ఇక ఖర్చు. ఒక కచేరీకి 20 లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. పదివేలమంది వస్తే మనిషికి 200 రూపాయలు పడుతుంది. రెండువేలమందే వస్తే మనిషికి 1,000 పడుతుంది. మీ ముంతలో ఉన్నది 612. చూశారా!

ఊళ్ళు ఏ వరసలో తిరగాలన్నది మరొక చిక్కు. ఐదు ఊళ్ళను 120 వరసల్లో తిరగవచ్చు. ఆరో ఊరు చేరిస్తే అవి 720 అవుతాయి. పది ఊళ్ళయితే 36,28,800! అన్నిటిలోకీ దగ్గర దారి ఏదో తేల్చటం గణిత శాస్త్రంలో పేరుమోసిన సమస్య. ఊళ్ళు పెరిగినకొద్దీ కంప్యూటర్లకు కూడా అది కష్టమే. లారీల యజమాని అంత లెక్క వేయడు. పెద్ద రోడ్డు పట్టుకుని, పెద్ద ఊళ్ళు చూసుకుని పోతాడు. మిమ్మల్ని చిన్నచూపు చూసి కాదు. అసలు మీ గురించి ఆలోచించనే లేదు. నిజం చెప్పాలంటే, అదే ఎక్కువ బాధ. నాకు తెలుసు.

కాని ఇక్కడ ఒక తమాషా ఉన్నది. కోనసీమలో జనం తక్కువా? కాదు! పల్లె తరవాత పల్లె, కొబ్బరితోట తరవాత కొబ్బరితోట, ఎక్కడా ఖాళీ లేదు. జనం ఉన్నారు. అయితే ఒకచోట లేరు. అంతే లోటు. మరి, చెదిరి ఉన్న జనాన్ని ఒకచోట చేర్చటం కోనసీమకు చేతకాదా?

సంక్రాంతి సెలవుల్లోనే, కనుమనాడు, మీ అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు వెళ్ళి చూడండి. అక్కడ గుడి లేదు, మేడ లేదు. ఉన్నది కొబ్బరితోట. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి మొదలైన పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు అక్కడికి బయలుదేరుతాయి. వెదురు కట్టి, రంగుబట్టలు చుట్టి, కుచ్చులు వేలాడదీసిన ఎత్తయిన ప్రభ. దాని నడుమ దేవుడు. ముందు డప్పులు, మేళాలు. ప్రభను మనుషులే భుజాల మీద మోస్తారు. దారి ఉంటే దారి, లేకపోతే పచ్చని చేలల్లోంచి పోతారు. తన చేను తొక్కారని రైతు కోప్పడడు, సంతోషిస్తాడు. కౌశిక అడ్డం వస్తే ప్రభను కింద దించరు. నీళ్ళలోకి దిగి, ప్రభ ఒరగకుండా ఎత్తిపట్టుకుని, కేకలు వేస్తూ దాటిస్తారు. ఏరు అడ్డం వచ్చిందని వెనక్కు పోయిన ప్రభ లేదు!

ఇప్పుడు చెప్పండి. హైదరాబాదులో మేడ మీద ఉండే పిల్లవాడు ఆ ప్రభ తన వీధికి రావాలంటే ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? 2023 జనవరి 26న ఢిల్లీలో గణతంత్ర దినోత్సవం ఊరేగింపులో మన రాష్ట్రం శకటం మీద ఈ ప్రభల తీర్థాన్నే చూపించారు. దేశమంతా చూసింది. శకటం మీద చూడటమూ, తోటలో నిలబడి చూడటమూ ఒకటేనా? కాదు. ఈ సంగతి మీకు బాగా తెలుసు. అందుకనే "ఫోనులో వినండి" అన్న మాట మీకు నచ్చలేదు. మీ బాధ న్యాయమైనదే.

మీవంటి వాళ్ళే మరొక దేశంలో ఏమి చేశారో చెబుతాను. ఇటలీలో చెసేనా అనే ఊరు ఉన్నది. జనాభా లక్షకు కాస్త తక్కువ. అక్కడివారికి ఫూ ఫైటర్స్ అనే అమెరికా గాయకబృందం అంటే ప్రాణం. ఆ బృందం ప్రపంచమంతా తిరిగేది గాని చెసేనాకు ఎందుకు వస్తుంది? ఫాబియో జఫాఞ్ఞీని అనే ఆయనకు ఒక ఊహ తట్టింది. ఒక్క ఉత్తరం రాస్తే చదవరు. మరి వెయ్యిమంది కలిసి, ఆ బృందం పాటే వాయించి, పాడి పంపిస్తే?

ఏడాదికి పైగా పనిచేశారు. 2015 జులై 26న ఊళ్ళో పెద్ద మైదానంలో వెయ్యిమంది చేరారు. గిటార్లవాళ్ళు, డ్రమ్ములవాళ్ళు, పాడేవాళ్ళు. అందరూ ఒకేసారి ఒకే పాట! ఇందులో చిక్కు ఏమిటో, ధ్వని వేగం తెలిసిన మీరు ఇట్టే చెప్పగలరు. మైదానంలో ఈ చివరనుంచి ఆ చివరకు 100 మీటర్లు ఉంటే చప్పుడు చేరటానికి సెకనులో మూడోవంతు దాకా పడుతుంది. పక్కవాడి వాయిద్యం విని తాళం పట్టుకుంటే పాట ముక్కలు ముక్కలవుతుంది. అందుచేత ఒకాయన ఎత్తయిన మంచె మీద నిలబడి చేతులతో తాళం చూపించాడు. వెలుతురుకు ఆలస్యం లేదు కనుక అందరి కళ్ళకూ తాళం ఒకేసారి అందింది.

ఆ దృశ్యాన్ని వీడియో తీసి ప్రపంచానికి చూపించారు. ఆ బృందం నాయకుడు డేవ్ గ్రోల్ ఇటాలియను భాషలో జవాబు చెప్పాడు, వస్తున్నామని. 2015 నవంబరు 3న బృందం చెసేనాకు వచ్చి పాడింది!

పిల్లలూ, ఇది విని మీరు రేపే డప్పులు సిద్ధం చేసుకుంటారు. చేసుకోండి. కాని తాతయ్య అబద్ధం చెప్పడు. మీరు పిలిస్తే మీ గాయకుడు తప్పక వస్తాడని నేను మాట ఇవ్వలేను. పిలిచినా రానివాళ్ళు ఉంటారు. ఒక్క మాట మాత్రం నిజం. ఆ జులై రోజున చెసేనాలో జరిగినది కూడా కచేరీయే. ఎవరూ రాకపోయినా అది జరిగిపోయింది. వెయ్యిమంది ఆ సాయంత్రం పాడుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. దానిని వారి దగ్గర నుంచి ఎవరు తీసుకోగలరు?

కనుక నా సలహా ఇది. మీ ఇద్దరే ఉత్తరం రాయకండి. మీ బడిలో పిల్లలను అడగండి. కొత్తపేటలో, రాజోలులో చదివే బంధువుల పిల్లలను అడగండి. ఎన్ని ఊళ్ళ నుంచి ఎంతమంది వస్తారో, ఎక్కడ మైదానం ఉన్నదో, రాత్రి తిరిగి వెళ్ళటానికి బస్సులు ఎలాగో, అన్నీ లెక్కగా రాయండి. "మాది ఊరు కాదా?" అని అడగకండి. "మావి ఇన్ని ఊళ్ళు, ఇంతమందిమి ఉన్నాం" అని రాయండి. పెద్దలతో సంతకాలు పెట్టించండి. ఈ సంక్రాంతికి కాకపోతే మరో సంక్రాంతికి. ఈలోపల భోగిమంట దగ్గర ఆ పాటలు మీరే పాడండి. నలుగురూ వింటారు.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. ఈ పేజీ మీరూ చదువుతారని నాకు తెలుసు. రాత్రి పదకొండు గంటలకు పిల్లలతో అరవై కిలోమీటర్లు రావటం కష్టమే. తీసుకువెళ్ళలేకపోతే తప్పు లేదు. "తీసుకువెళ్ళలేకపోతున్నాం" అని చెప్పండి. పిల్లలు అర్థం చేసుకుంటారు. "పాటేగా" అని మాత్రం అనకండి. మా నాయనమ్మకు నాటకం చూపించే శక్తి లేదు. రేవు దాకా నడిపించే ఓపిక ఉన్నది. ఆ తరవాత నేను ఎన్నో నాటకాలు చూశాను. వాటిలో చాలావాటి పేర్లు మరిచిపోయాను. చూడని ఆ ఒక్క నాటకం మాత్రం ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

చివరగా ఈ నెల లెక్క. ఏటి అవతలి ఒడ్డున ఒకాయన డప్పు కొడుతున్నాడు. కర్ర డప్పుకు తగలటం మీరు కంటితో చూసిన 4 సెకన్లకు చప్పుడు వినిపించింది. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుందనుకుంటే, ఆయన మీకు ఎంత దూరంలో ఉన్నాడు? అదే రోజు గాలి 10 డిగ్రీలు చల్లబడి ఉంటే చప్పుడు ముందు వస్తుందా, వెనక వస్తుందా? జవాబులు రాసి పంపండి.

ముంత పగలగొట్టిన చిట్టితల్లికి ప్రత్యేకంగా ఒక మాట. ఆ 612 రూపాయలూ కొత్త ముంతలో వేసి దాచు. వచ్చే ఏటికి పనికివస్తాయి. ఇక అన్నం తిను, అమ్మా.

ఉంటాను మరి.

మీ తాతయ్య